చుక్కలేని పిట్ట చూపిన దిక్కు

చచ్చిపోయిన పిట్టకి ఇంటిదారి గుర్తుంటుందా, ఉండదా? చేతులెత్తి చెప్పండి. ఉండదనేవాళ్ళు ఎంతమంది? ముగ్గురు. ఉంటుందనేవాళ్ళు? నువ్వొక్కదానివే, అదీ మీ అన్న ఏమంటే దానికి అడ్డం చెప్పాలని. సరే, చేతులు దించండి. జవాబు ఇప్పుడే చెప్పేస్తే కథెందుకు? కదలకుండా కూర్చుని వినండి.

ఒక పెద్ద ఊళ్ళో, బస్టాండుకి నాలుగు వీధుల అవతల, మూడంతస్తుల పాత భవనం ఉంది. జనం దాన్ని పిట్టల ఆఫీసు అనేవారు. కింది అంతస్తులో బడిపిల్లలు వచ్చి చూసిపోయే అద్దాల బీరువాలు. పై అంతస్తులో పుస్తకాలు రాసే మాస్టార్లు. మధ్య అంతస్తంతా సొరుగులు. గోడనుంచి గోడదాకా చెక్క బీరువాలు, ప్రతి సొరుగులోనూ దూది పరుపు, దానిమీద వరసగా వెల్లకిలా పడుకోబెట్టిన పిట్టలు. అవి ఎప్పుడో ప్రాణం పోయినవి. లోపలిదంతా తీసేసి, దూది కూరి, కుట్టి, ఆరబెట్టి దాచినవి. ఒక్కోదాని కాలికి దారంతో ఒక చీటీ కట్టి ఉంటుంది. ఎక్కడ దొరికింది, ఏ రోజున దొరికింది, ఎవరికి దొరికింది అని.

ఆ సొరుగుల్ని చూసుకునే ఆవిడని అందరూ సొరుగులమ్మ అని పిలిచేవారు. నలభై నాలుగేళ్ళ మనిషి. అక్కడ చేరి పంతొమ్మిదేళ్ళు. ఆవిడ చెయ్యాల్సిన పనులన్నీ ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించి ఉండేవి. దుమ్ము దులపడం. చిమ్మటలు పట్టకుండా కర్పూరం ఉండలు మార్చడం. చెరిగిపోయిన చీటీలు తిరిగి రాయడం. అయిదో పని ఏమిటంటే, చలి తగ్గగానే ఒకసారి, చలి మొదలవబోయే ముందు ఒకసారి పిట్టలన్నీ పక్కకి తిరుగుతాయి కాబట్టి, ఆ నెలల్లో రోజూ పొద్దున్నే వాటిని సరిగ్గా పడుకోబెట్టడం. ఆరోది, వెళ్ళేటప్పుడు కిటికీలు మూయడం.

ఆ అయిదో పనే అన్నిటికంటే విసుగు. వలస పిట్టలకి రెండిళ్ళుంటాయని మీకు ఇదివరకే చెప్పాను. ఎండలు ముదిరేముందు గూడు కట్టి పిల్లల్ని పెంచే ఇల్లొకటి, చలికాలం తలదాచుకునే ఇల్లొకటి. ఆ సొరుగుల్లో పిట్టలు కూడా వేళకి తలలు తిప్పేవి. సాయంత్రం ముక్కులన్నీ సొరుగు పిడివైపు పెట్టి వెళితే, తెల్లారేసరికి గూళ్ళున్న వైపు తిరిగి ఉండేవి. సొరుగులమ్మ వాటిని ఒక్కొక్కటే పట్టుకుని మళ్ళీ తిన్నగా సర్దేది. సర్దుతూ, అల్లరి పిల్లల్ని విసుక్కున్నట్టు విసుక్కునేది. "మళ్ళీ మొదలా? నిన్ననే కదా సర్దాను!"

ఇప్పుడు పదకొండో సొరుగు సంగతి. అందులో ఉన్నవి చుక్కపిట్టలు. గుప్పెట్లో పడుకునేంత పిట్ట. బూడిదరంగు వీపు, గొంతు మాత్రం మంచి సిరా ఒలికినట్టు నీలం. ఆ నీలం మధ్యలో ఒక చుక్క. చుక్క ఎర్రగా ఉన్నవి ఉత్తరాన చిత్తడి నేలల్లో గూడు కడతాయి. తెల్లచుక్కవి పడమటివైపు, నదుల పక్కన రెల్లు దుబ్బుల్లో కడతాయి. జాతి ఒక్కటే, ఉపజాతులు రెండు. ఉపజాతి అంటే ఏమిటంటారా? ఒక ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు దూరదూరంగా కాపురాలు పెట్టారనుకోండి. కొన్ని తరాలకి వాళ్ళ మాట మారుతుంది, కట్టు మారుతుంది. అయినా ముక్కు చూస్తే అదే ముక్కు. అంతే ఉపజాతి అంటే.

పదకొండో సొరుగులో ఆఖరి వరసలో, మూలన, ఇంకో పిట్ట ఉంది. ఒకే ఒక్కటి. దానికి గొంతు నీలమే. చుక్క మాత్రం లేదు.

దాన్ని తెచ్చింది సొరుగులమ్మ వాళ్ళ నాన్న. ఆయన అదే ఆఫీసులో వలలు వేసి పిట్టల్ని పట్టి, కాళ్ళకి గుర్తుకోసం ఉంగరాలు తొడిగి వదిలే పని చేసేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట, చలి తగ్గే రోజుల్లో, బస్టాండు పెద్ద అద్దానికి గుద్దుకుని పడిపోయిన పిట్ట ఆయన కంటపడింది. ఇంకా వెచ్చగానే ఉంది. ఎండలో తిప్పి తిప్పి చూశాడు. చుక్క లేదు. ఆయనే శుభ్రం చేసి, కుట్టి, చీటీ రాశాడు. మామూలు వివరాలన్నీ రాసి, కింద ఒక ముక్క చేర్చాడు: "చుక్క లేదు. మూడో ఉపజాతి కావచ్చు."

ఆ ఒక్క ముక్కే ఆయన కొంప ముంచింది. వల వేసేవాడు చీటీమీద అభిప్రాయం రాయడమా? పై అంతస్తులో జాబితా మాస్టారని ఒకాయన ఉండేవాడు. ఏ పిట్ట ఉంది, ఏది లేదు, ఎక్కడిదాకా తిరుగుతుంది అని పెద్ద జాబితా రాసేవాడు. ఆయన అందరిముందూ నవ్వాడు. "చుక్క లేని చుక్కపిట్టా? రేపు తోక లేని కోతిని తెస్తావా? స్పిరిట్‌తో కడిగితే ఏ చుక్కయినా పోతుంది. గూడు చూపించు, నమ్ముతాను."

గూడు ఎక్కడని చూపిస్తాడు? పాపం, సెలవు దొరికినప్పుడల్లా ఉత్తరాన బురదల్లో వెతికాడు, పడమట రెల్లులో వెతికాడు. దొరకలేదు. మెల్లగా చేతిలోంచి వల తీసేసుకుని, సామాను గదిలో మేకులు లెక్కపెట్టే పని ఇచ్చారు. అక్కడే ఆయన ఉద్యోగం అయిపోయింది. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. కూతురితోనే ఉంటాడు. నడుము సహకరించదు, నోరు మాత్రం బాగా సహకరిస్తుంది. అయితే ఆ పిట్ట మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఆ ఏడాది చలి తగ్గి పది రోజులైందేమో, ఒక సోమవారం పొద్దున జాబితా మాస్టారు మధ్య అంతస్తుకి దిగాడు. కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని పదకొండో సొరుగు లాగించుకున్నాడు.

"సొరుగులమ్మా, మూలనున్న ఆ పిట్టకి టేపెందుకు?"

ఆవిడ మొహం ఎర్రబడింది. "కదులుతుంటే, మాస్టారూ."

"అన్నీ కదులుతాయిగా."

"అది మరీ అడ్డంగా తిరుగుతుంది. పక్కవాటికి తగులుతుంది."

"సరేలే, ఇంకెన్ని రోజులు. శుక్రవారం సాయంత్రం కొత్త జాబితా అచ్చుకి వెళ్తోంది. చుక్కలేనిదాన్ని కొట్టేస్తున్నాను. కల్పితం అని ఒక్క మాట రాస్తే సరిపోతుంది. శనివారం దాన్ని తీసి బయట పడేయ్. చోటు కలిసొస్తుంది." అని, రెండడుగులు వేసి ఆగి, "మీ నాన్న బాగున్నాడా?" అన్నాడు. మర్యాదకే అడిగాడు. అదే ఇంకా గుచ్చుకుంది.

కల్పితం. అచ్చయిన పుస్తకంలో ఆ మాట పడితే ఇంక ఎవరూ తియ్యలేరు. ఆ మాట పక్కనే, దొరికించుకున్నవాడి పేరు కూడా వేస్తారు. నాన్న పోయాక కూడా ఆ పుస్తకం బీరువాల్లో ఉంటుంది.

సొరుగులమ్మ తలుపు దగ్గరగా వేసి, ఆ పిట్ట పొట్టమీది టేపు విప్పింది. పారేసేలోపు ఒకసారైనా శుభ్రంగా దులుపుదామని. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి ఏడూ తనే వేసిన టేపు అది. పక్కవాటికి తగులుతుందన్న మాట నిజమే, కానీ సగమే నిజం. మిగతావన్నీ ఉత్తరానికో పడమరకో తిరిగితే, నాన్న తెచ్చిన పిట్ట ఒక్కటే వేరేవైపు తిరిగేది. కల్పించిన పిట్ట కాబట్టే దిక్కు కూడా తెలీదని మళ్ళీ నవ్వుతారేమోనని, చేరిన మొదటి ఏడే దాన్ని కట్టేసింది. సిగ్గు అటువంటి పనులు చేయిస్తుంది.

మంగళవారం పొద్దున సొరుగు లాగి చూస్తే, ఎర్రచుక్కలు ఉత్తరానికి, తెల్లచుక్కలు పడమరకి. చుక్కలేనిది మాత్రం కిటికీ వైపు, ముక్కు గీత గీసినట్టు తిన్నగా పెట్టి పడుకుని ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో, వంటగది గట్టుమీద మోచేతులు ఆనించి, ఆవిడ ఉన్నదంతా చెప్పేసింది. టేపు సంగతితో సహా. నాన్న కుర్చీలో కదలకుండా విన్నాడు. కోప్పడతాడనుకుంది. ఆయన అడిగింది ఒక్కటే.

"ఎటు తిరిగింది?"

"కిటికీ వైపు."

"ఏ కిటికీ? ఆ గదికి నాలుగున్నాయి."

"రోడ్డు వైపుది. కుడి మూలకి."

"అంటే తూర్పు." ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, నడుం పట్టేసి మళ్ళీ కూర్చున్నాడు. "ఒసే పిచ్చితల్లీ! ముప్ఫయ్యేళ్ళు నేను బురదలో దేవులాడుతుంటే, దారి తెలిసినదాన్ని నువ్వు కట్టేసి కూర్చున్నావా?"

"నీ పరువు కాపాడదామని, నాన్నా."

"బాగా కాపాడావు! ఆ ట్రంకు పెట్టెలో నా దిక్సూచి ఉంటుంది, తియ్యి. అడుగున, స్వెట్టరు కింద." ఆయన గొంతులో కోపం వెతికితే దొరకలేదు. నవ్వే వినిపించింది. "అది కూడా ఇన్నాళ్ళూ ముసుగు తన్ని పడుకునే ఉందిలే."

బుధవారం పొద్దున్నే సొరుగులమ్మ దిక్సూచి పక్కన పెట్టి పిట్ట ముక్కు ఏ దిక్కున ఉందో కొలిచింది. ఆఫీసు పటం మీద ఆ దిక్కుగా పెన్సిలుతో ఒక గీత గీసింది. గీత ఊరు దాటింది, పొలాలు దాటింది, కొండలు దాటి పటం అంచుదాకా పోయింది. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఒక గీతతో ఏం తెలుస్తుంది? అటువైపు ఎక్కడో ఉందని తెలుస్తుంది. ఎంత దూరమో తెలీదు. మరి ఏం చెయ్యాలి? ఇంకోచోట నిలబడి ఇంకో గీత గీయాలి. రెండు గీతలూ కలిసినచోట వేలు పెట్టి ఇదిగో ఇక్కడ అనొచ్చు.

దక్షిణాన బస్సులో రెండు గంటల దూరంలో వాళ్ళక్క ఇల్లుంది. సాయంత్రం సొరుగులమ్మ తన మధ్యాహ్నం భోజనం డబ్బా కడిగి, తుడిచి, దూది పరిచి, పిట్టని పడుకోబెట్టింది. గేటు దగ్గర కాపలా బాబాయి ఆపాడు.

"డబ్బాలో ఏంటమ్మా?"

"పదకొండో సొరుగులో పిట్ట, బాబాయ్."

"బయటికి తీసుకెళ్ళకూడదుగా."

"శుక్రవారానికి తెచ్చేస్తాను."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "తిరిగొచ్చేదైతే అది బయటికి పోయినట్టు కాదులే. షికారుకెళ్ళినట్టు. మీ నాన్నతో చెప్పు, నేనడిగానని."

నాన్న రానని అనలేదు. పైగా ముందే జోళ్ళు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అక్క ఇంట్లో వీళ్ళని చూసి అక్క నడుంమీద చేతులు పెట్టుకుంది. "చెప్పా పెట్టకుండా వస్తే వచ్చారు, నా భోజనాల బల్లమీద చచ్చిన పిట్టని పెడతారా?"

"ఒక్క రాత్రే, అక్కా. కదిలించకు."

"నేనెందుకు కదిలిస్తాను? కదిలేది అదేగా!"

గురువారం తెల్లారేసరికి పిట్ట దూదిమీద తిరిగి ఉంది. ఈసారి తూర్పుకి కాదు, ఈశాన్యానికి. అక్క కూతురి జామెట్రీ బాక్సులోంచి కోణమానిని, స్కేలు అడిగి తీసుకుని, ఆ పిల్ల హోంవర్కు పక్కకి జరిపి, పటం పరిచి రెండో గీత గీశారు. గీతలు రెండూ కలిశాయి. కలిసినచోట చెరువు లేదు, నది లేదు, చిత్తడి అసలే లేదు. పెద్ద రోడ్డు పక్కన చిన్న నలుచదరం గుర్తు.

అక్క కళ్ళు చికిలించి చదివింది. "మట్టి గొట్టాల ఫ్యాక్టరీ అట."

నాన్న పటం మీద ఆ రోడ్డు వెంట వేలు నడిపాడు. "ఆ రోడ్డుమీద నేను కనీసం ముప్ఫై సార్లు వెళ్ళుంటాను," అన్నాడు. "బురద వెతకడానికి."

ఫ్యాక్టరీ గేటు దగ్గర బస్సు దిగేసరికి పదకొండు. ముందర పెద్ద ఆవరణ. కాల్చిన మట్టి గొట్టాలు, మురుగు కాలవలకి వేసేవి, మనిషెత్తు వరసలుగా పేర్చి ఉన్నాయి. గాలికి ఎర్రటి దుమ్ము. వరసల మధ్య మోకాలెత్తు గడ్డి. తలకి గుడ్డ కట్టుకున్న పొడుగాటి ఆవిడ ఒకరు, లారీకి గొట్టాలు ఎక్కించేవాళ్ళని కేకలేస్తూ ఎదురొచ్చింది. వాళ్ళందరికీ మేస్త్రమ్మ ఆవిడే.

"ఎవరు కావాలండీ?"

సొరుగులమ్మ ఏం చెప్పాలో తోచక డబ్బా మూత తీసింది. మేస్త్రమ్మ తొంగి చూసింది.

"అయ్యో, ఎక్కడ దొరికింది మీకిది? మా గొట్టంపిట్ట కదా!"

నాన్న కూతురి భుజం గట్టిగా పట్టుకున్నాడు. "నీకు తెలుసా, అమ్మా, ఈ పిట్ట?"

"తెలియకపోవడమేంటి పెద్దాయనా? మా అమ్మ మేస్త్రీగా ఉన్నప్పటినుంచీ వస్తున్నాయి. చలి తగ్గగానే దిగుతాయి, గొట్టాల్లో గూళ్ళు పెడతాయి, పిల్లల్ని ఎగరేసుకుని పోతాయి. అదుగో, సున్నం పూసిన వరసలు చూశారా? అందులో గూళ్ళున్నాయి. ఆ సున్నం ఉన్నంతకాలం ఆ వరసలోంచి ఒక్క గొట్టం కదలదు. యజమాని అరిచినా సరే. ఇక్కడ పద్ధతది."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరు అడిగారని?"

నాలుగో వరస దగ్గర ఆవిడ వేలు నోటిమీద పెట్టుకుని, వాళ్ళని వంగమంది. నాన్న నడుం సంగతే మర్చిపోయి వంగాడు. గొట్టం లోపల, మూరెడు దూరంలో, ఎండుగడ్డి, సన్నటి వేళ్ళు, గుర్రపు వెంట్రుకలు అల్లిన చిన్న గిన్నె. అందులో అణిగి కూర్చున్న ఆడపిట్ట. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. ఆ వెంటనే పైన గొట్టం అంచున మగపిట్ట వాలి, తల ఎత్తి పాట అందుకుంది. ఎండ తిన్నగా గొంతుమీద పడింది. ఆ చివరనుంచి ఈ చివరదాకా నీలం. ఆవగింజంత చుక్క కూడా లేదు.

నాన్న ఇంతకాలం మేకులు లెక్కపెట్టిన వేళ్ళతో గాలిలో లెక్కపెట్టాడు. ఒకటి, అక్కడ ఇంకోటి, ఆ వరసమీద మూడు.

సొరుగులమ్మ డబ్బాలోకి చూసుకుంది. పిట్ట ఇప్పుడు ఎటూ తిరిగి లేదు. వెల్లకిలా ఉన్నది బోర్లా మళ్ళింది. దూదిలో పొట్ట ఆనించి, గూట్లో కూర్చున్నట్టు కూర్చుంది.

సొరుగులమ్మ ఫ్యాక్టరీ ఆఫీసులో ఫోనందుకుని జాబితా మాస్టారికి చేసింది. "మాస్టారూ, గూడు చూపించమన్నారుగా. ఒంటిగంట బస్సెక్కితే మూడింటికి ఇక్కడుంటారు."

"సొరుగులమ్మా, నాకిక్కడ వెయ్యి పనులు…"

"పుస్తకం అచ్చయ్యాక వస్తే మీకే తలవంపులు."

ఆయన వచ్చాడు. మెరిసే బూట్లతో, మెడలో దుర్భిణితో, దిగీదిగగానే దుమ్ముకి తుమ్ముతూ. వరసలన్నీ తిరిగాడు. గూళ్ళలో గుడ్లు చూశాడు, పాలిపోయిన ఆకుపచ్చ మీద తుప్పు మరకలు. ఒక మగపిట్టని దుర్భిణిలోంచి పది నిమిషాలు చూశాడు. డబ్బాలో పిట్టని పక్కన పెట్టి చూశాడు. చుట్టూ పనివాళ్ళు గొట్టాలమీద కూర్చుని ఆయన్ని చూస్తున్నారు.

"ఇరవై రెండు జంటలు," అన్నాడు చివరికి.

"ఇరవై నాలుగు," అన్నాడు నాన్న. "ఆ గోడ పక్కనున్నవి మీరు చూళ్ళేదు."

జాబితా మాస్టారు వెనక్కి వెళ్ళాడు. గోడ పక్కన చూశాడు. తిరిగొచ్చి, సంచిలోంచి అచ్చుకి పోవలసిన కాగితాల కట్ట తీసి, ఒక గొట్టంమీద పరుచుకుని, కల్పితం అన్న మాటని రెండు గీతలతో కొట్టేశాడు.

"మూడో ఉపజాతికి పేరు పెట్టాలి," అన్నాడు, తల ఎత్తకుండా. "దొరికించుకున్నవారి పేరు పెట్టడం ఆనవాయితీ. మీ పూర్తి పేరు చెప్పండి." మొదటిసారి ఆయన్ని మీరు అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "స్పిరిట్ మాట… అనకూడనిది అన్నాను," అన్నాడు.

"అన్నారు," అన్నాడు నాన్న. "ఇప్పుడు పెద్ద అక్షరాలతో రాయండి, సరిపోతుంది."

గొట్టాలమీద కూర్చున్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. మేస్త్రమ్మ సున్నం తట్ట తెప్పించి, నాన్న చేతికి కుంచె ఇచ్చింది. గోడ పక్కన వరసకి ఇంకా సున్నం వెయ్యలేదట. ఆ రెండు గూళ్ళూ కనిపెట్టినవాడు కాబట్టి ఆయనే వెయ్యాలట. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి గొట్టాలమీద తెల్లగా, అడ్డంగా, నిలువుగా, బడిపిల్లాడు పలకమీద గీసినట్టు పూసి పారేశాడు. చొక్కా అంతా సున్నం. మర్నాడు ఆ చొక్కా ఉతకనివ్వలేదు.

జాబితా అచ్చయి వచ్చిన రోజున పిట్టల ఆఫీసు కింది అంతస్తులో పెద్ద సభ పెట్టారు. నాన్నని ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన మేస్త్రమ్మ, కొత్త చెప్పులు వేసుకుని. చుక్కలేని పిట్ట కాలికి పాత చీటీ అలాగే ఉంచి, పక్కన ఎర్ర చీటీ కట్టారు. ఒక ఉపజాతికి మొట్టమొదటి పిట్ట ఇదే అని తెలియజేసే చీటీ అది, దాన్ని ఇంక ఎవరూ పారెయ్యడానికి వీల్లేదు. తలుపు వెనక పనుల కాగితం కూడా మారింది. అయిదో పని ఇప్పుడిలా ఉంది: పిట్టలు దిక్కు తిరిగే నెలల్లో రోజూ పొద్దున్నే, సర్దేముందు, ఏది ఎటు తిరిగిందో పుస్తకంలో రాయడం. ఆ పుస్తకం బాధ్యత, దానితో పాటు పై అంతస్తులో ఒక బల్ల, కుర్చీ సొరుగులమ్మవి.

నాన్న లేచి మాట్లాడాడు. "చీటీమీద అభిప్రాయం రాసినందుకు ముప్ఫై ఒక్క ఏళ్ళు శిక్ష అనుభవించాను. ఇంకా రాస్తాను," అన్నాడు. చప్పట్లు మొదలయ్యాయి. ఎంతకీ ఆగలేదు. కాపలా బాబాయి గేటు వదిలేసి వచ్చి మరీ కొట్టాడు. ఆఖర్న అందరూ లేచి నిలబడి, సొరుగులమ్మని కూడా ముందుకి పిలిచారు.

ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది.

పొద్దున సభకి రమ్మని పిలుపొచ్చినప్పుడు పద్నాలుగో సొరుగు సగంలో ఉంది. దాన్ని అలాగే తెరిచి వచ్చేసింది. తెరిచిన సొరుగులోకి చిమ్మటలు దూరతాయి. చప్పట్ల మధ్యలోనే గుర్తొచ్చి, నాన్నకి చేత్తో సైగ చేసి, మెట్లమీదికి వెళ్ళిపోయింది. చెవి వెనక పెన్సిలుంది. పద్నాలుగో సొరుగులో మూడో వరసలో ఒక బుల్లి పిట్ట, మిగతావాటితో సంబంధం లేకుండా నైరుతికి తిరిగి పడుకుని ఉంది. దాని దిక్కు ఇంకా రాయలేదు.